ముత్తవ్వ కొంగు పట్టిన పూట

'అరువు పేరు' నవల – పదకొండో భాగం

పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సంగతి పోశవ్వకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే పోయిన వారం, కోడలు పెరట్లో నిలబడి సోలాపూర్‌లో ఉన్న తల్లితో ఫోన్‌లో మరాఠీలో మాట్లాడుతుంటే పట్టుకుని, దేవుని గూటి ముందు నిలబెట్టి మాట తీసుకుంది. కూతురు శైలజ పెళ్ళి జరిగేదాకా పరాయివాళ్ళ చెవిన ఆ భాష పడకూడదు. ఒక్క ముక్క కూడా.

పాఠకులకు ఆ ఇంటి కథ గుర్తుండే ఉంటుంది. ఏడేళ్ళ కింద ప్రేమ్‌సాగర్ సోలాపూర్ మగ్గాల మీద పనికి పోయి, అక్కడి పిల్ల ఉజ్వలను పెళ్ళి చేసుకుని జగిత్యాలకు తీసుకొచ్చాడు. వాడకట్టులో ఎవరడిగినా తల్లి పోశవ్వ చెప్పింది ఒక్కటే: "మనోళ్ళే, సిరిసిల్లోళ్ళు. బతకవోయి బీవండిల ఉంటున్నరు." ఆ తర్వాత ఉజ్వల పేరు తీసేసి రజని అని పెట్టింది. వెలుగును తీసేసి రాత్రిని పెట్టారని ఆ పిల్ల ఒక్కతే లోలోపల నవ్వుకుంది. అప్పటికి నవ్వు వచ్చింది మరి. ఇప్పుడు ఐదేళ్ళ కూతురు హన్విక కూడా బళ్ళో తల్లి పేరు రజని అనే చెబుతోంది.

ఇవాళ కోరుట్ల నుంచి పెళ్ళివారు సంబంధం ఖాయం చేసుకునే పూలు పండ్లకు వస్తున్నారు. పొద్దున్నే పప్పు దగ్గర గొడవ మొదలైంది.

పోశవ్వ గరిటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, మొహం చిట్లించింది.

"గిదేంది? పప్పుల బెల్లం ఏసినవా?"

"గింతంతనే అత్తమ్మా. పులుపు ఎక్కువైందని."

"పులుపెక్కువైతె నీళ్ళు పొయ్యాలె. సిరిసిల్లల ఎవలన్న పప్పుల బెల్లం ఏస్తరా?"

వాకిట్లో కుర్చీలు తుడుస్తున్న పోశవ్వ మొగుడు సమ్మయ్య తలెత్తాడు. ముప్పై ఏళ్ళు కల్లు కోసం తాటిచెట్లెక్కి దిగిన మనిషి. మాట కూడా నిదానంగానే దిగుతుంది.

"సిరిసిల్లల ఏస్తరో లేదో నీకేమెరుకనే? రాజన్న మొక్కుకు వేములాడ దాక పోతివి, అటునుంచటే మర్లొస్తివి."

"నువ్వు కుర్సీలు తుడువు. వాళ్ళు గిది నోట్లె పెట్టుకోంగనే దొరికిపోతం."

"కల్లు తాగి ఏ చెట్టుదో చెప్పెటోణ్ణి చూసిన గని, పప్పు తిని ఏ ఊరిదో చెప్పెటోణ్ణి నేనింక చూడలే."

"గీ ముసలాయనకు అన్నీ పరాచకాలే!"

శైలజ సగం అల్లిన జడ చేత్తో పట్టుకుని వంటగది గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, ఇయ్యాల నా పూలు పండ్లా, పప్పు పంచాయితా? మంచిగనే ఉన్నది గద. వదినా, నువ్వు రా, నా జడ వెయ్యి."

చివరికి ఆ పప్పు పక్కకు పోయింది. ఇంకో గిన్నె పొయ్యి మీదికెక్కింది. రజని ఆడబిడ్డ జడ అల్లుతూ కూర్చుందేగానీ, మనసంతా ఆ బెల్లం ముక్క మీదే ఉంది. కావాలని వేయలేదు. ఎప్పుడు వేసిందో కూడా తెలియదు. నోటికైతే తాళం వేసుకోగలిగింది గానీ, చేతికి వేసుకోలేకపోయింది.

"వదినా," అద్దంలోంచి చూస్తూ అంది శైలజ, గొంతు తగ్గించి. "గీ సంబంధమన్న నిలవడ్తదా?"

పెళ్ళికొడుకు సుదర్శన్, శైలజ ఒకే ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. అతను ల్యాబులో, ఈమె నర్సుగా. ఒకరంటే ఒకరికి ఇష్టమని రజనికి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంతకుముందు రెండు సంబంధాలు గడపదాకా వచ్చి వెనక్కిపోయాయి. ఇది కూడా పోతే పిల్ల తట్టుకోలేదు.

"నిలవడ్తది," అంది రజని, జడకు ముడివేస్తూ. "నేను ఉన్న గద."

ఏం చూసుకుని అంత ధైర్యంగా అందో ఆమెకే తెలియదు.

*

పెళ్ళివారి బండి ఎండ ముదరకముందే వచ్చింది. సుదర్శన్‌కు డ్యూటీ ఉండి రాలేదు. తండ్రి జలపతి ముందు దిగి, వెనక తలుపు తీసి, లోపలి నుంచి తన తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని దింపాడు. ఆమె ముత్తవ్వ. నిరుడు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. దాంతో మాట కూడా పోయిందన్నారు.

"ముసలామెను ఎందుకు తిప్పల పెట్టిన్రు బావా?" అన్నాడు సమ్మయ్య కుర్చీ జరుపుతూ.

"మా ఇంట్ల ఏ శుభమైనా అమ్మ చేతితోనే షురూ అయితది. నాయినకు మోకాళ్ళు లేస్తలేవు, ఇంట్లనే ఉన్నడు. అమ్మను ఇడిసిపెట్టి వస్తె ఆయన మమ్ముల ఇంట్లకు రానియ్యడు." జలపతి తల్లి చీర కుచ్చిళ్ళు సరిచేశాడు. "ఏదో గునుగుతది గని, ఏం సమజ్ గాదు. మీరేం అనుకోవద్దు."

రజని నీళ్ళు తెచ్చి అందరికీ ఇచ్చి, వంటగది గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెకు అత్తగారు చూపిన చోటు అదే. చేతులు కనబడాలి, నోరు కనబడకూడదు.

శైలజను పీట మీద కూర్చోబెట్టారు. పూలు, పండ్లు, పచ్చని చీర, కొబ్బరికాయ ఉన్న పళ్ళేలు వరుసగా పరిచారు. జలపతి భార్య కుంకుమ పళ్ళెం తెచ్చి అత్తగారి ఒడి దగ్గర పెట్టి, ఆమె కుడిచెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా, మన సుదర్శన్ పెండ్లాం. బొట్టు పెట్టు."

ముత్తవ్వ శైలజ వైపు చూసింది. పళ్ళెం వైపు చూసింది. కోడలి చెయ్యి విదిలించి, మోచేత్తో పళ్ళేన్ని పక్కకు తోసేసింది. కుంకుమ చాప మీద ఒలికింది.

"అయ్యో!" అన్నారు ఎవరో.

ఎవరూ తేరుకోకముందే ముత్తవ్వ ముందుకు వంగి, శైలజ భుజం మీది పైట కొంగు పట్టి గుంజింది. శైలజ బెదిరి కొంగును గుండెకు అదుముకుంది. ముత్తవ్వ వదల్లేదు. నోరు ఒక పక్కకు పోతుండగా, తడబడుతూ, కోపంగా ఏదో అంటోంది. మళ్ళీ అదే. మళ్ళీ అదే.

"అమ్మా, ఇడువు! పిల్ల కొంగు ఇడువు!" జలపతి తల్లి వేళ్ళు ఒక్కొక్కటే విప్పబోయాడు. ఆమె కన్నీళ్ళు పెట్టుకుంది గానీ పట్టు వదల్లేదు.

వాకిట్లో తొంగిచూస్తున్న అమ్మలక్కల్లో గుసగుస లేచింది. "పిల్ల నచ్చలేనట్టుందే…" "కుంకుమ నూకేసింది, చూసినవా?" ఆ మాటలు శైలజ చెవిన పడ్డాయి. తల ఇంకా కిందికి పోయింది.

జలపతి నుదుటి చెమట తుడుచుకుని, సమ్మయ్య వైపు చూడలేక చాప వైపు చూస్తూ అన్నాడు. "బావా, ఏమనుకోవద్దు. అమ్మ చెయ్యి పడకుంట మేం ముందుకు పోలేం. ఇయ్యాల్టికి ఆపుదాం. మల్ల చూద్దాం."

మళ్ళీ చూద్దాం అనే మాటకు అర్థమేమిటో పెళ్ళీడు ఆడపిల్ల ఉన్న ఏ ఇంటికీ విడమరిచి చెప్పక్కరలేదు.

గోడ దగ్గర రజని మాత్రం చెవులు రిక్కించింది. అందరూ గునుగుడు అంటున్నది ఆమెకు స్పష్టంగా, మాట మాటగా వినబడుతోంది.

"ఓటీ… ఆధీ ఓటీ భరా…"

ఒడి నింపండి. ముందు ఒడి నింపండి.

రజని అత్తగారి వైపు చూసింది. పోశవ్వ కూడా కోడలినే చూస్తోంది. సంగతేమిటో ఆమెకు తెలియదు. కోడలికి ఏదో తెలిసిందని మాత్రం పసిగట్టింది. తల అడ్డంగా, ఎవరికీ కనబడనంత చిన్నగా ఊపింది. వద్దు.

నోరు తెరిస్తే ఏడేళ్ళుగా కాపాడుకొచ్చిన సిరిసిల్ల కథ పోతుంది. తెరవకపోతే శైలజ పెళ్ళి పోతుంది. పీట మీద ఆ పిల్ల భుజాలు అదురుతున్నాయి.

రజని గోడను వదిలింది. నాలుగు అంగల్లో వెళ్ళి ముత్తవ్వ కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆజీ," అని పిలిచింది, అవ్వా అన్నట్టు.

ముత్తవ్వ నోరు ఆగిపోయింది. ఎవరో చీకట్లోంచి పిలిచినట్టు తల తిప్పి వెతికింది. రజని మరాఠీలో మెల్లగా, ఆ ఇంట్లో ఎప్పుడూ వాడని గొంతుతో, నాకర్థమైంది, మీరు చెప్పినట్టే చేద్దాం, కొంగు వదలండి అంది. ముత్తవ్వ పిడికిలి దానంతటదే విచ్చుకుంది.

వాకిట్లో అమ్మలక్కలు గడప దగ్గరికి జరిగారు.

"అమ్మా, గదేం మాటనే?" అంది హన్విక.

రజని కూతురికి తర్వాత చెబుతానన్నట్టు చెయ్యి చూపి, పెళ్ళివారి వైపు తిరిగింది. "ఆమె కొంగు గుంజుతలేదు. కొంగు పరిచి ఒడి పట్టుమంటున్నది. మరాఠోళ్ళ దిక్కు కోడల్ని ఖాయం చేసుకున్ననాడు అత్తగారోళ్ళే ముందుగాల పిల్ల ఒడి నింపుతరు. బియ్యం, కొబ్బరికాయ, జాకెట్ గుడ్డ. గది కాంగనే కుంకుమ. ముందుగాల కుంకుమ తెచ్చిన్రని కోపమొచ్చింది. పిల్ల నచ్చక గాదు."

జలపతి భార్య చెంప మీద చెయ్యి వేసుకుంది. "ఒడిబియ్యం తల్లిగారు గద పోసేది? గదీ పెండ్లైనంక?"

"మన దిక్కు గట్ల. వాళ్ళ దిక్కు గిట్ల."

శైలజే అందరికంటే ముందు తేరుకుంది. కళ్ళు తుడుచుకుని, కొంగును రెండు చేతులతో ముత్తవ్వ ముందు పరిచింది. రజని లోపలికి పరుగున పోయి బియ్యం తెచ్చింది. కొబ్బరికాయ, జాకెట్ గుడ్డ పళ్ళెంలో ఉండనే ఉన్నాయి. పనిచేసే ఆ ఒక్క చేత్తో ముత్తవ్వ పిడికిలి పిడికిలిగా బియ్యం తీసి శైలజ ఒడిలో పోసింది. సగం ఒడిలో, సగం చాప మీద పడుతున్నా ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. కొబ్బరికాయ, గుడ్డ పెట్టింది. అప్పుడు కుంకుమ కోసం తనే చెయ్యి చాచింది. శైలజ నుదుటి మీద బొట్టు పెద్దదిగా, కొంచెం వంకరగా పడింది. దాన్ని సరిచేయబోయిన జలపతి భార్య చేతిని ముత్తవ్వ చప్పున కొట్టింది.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వాకిటిదాకా పాకింది. సమ్మయ్య పై కండువాతో మొహం ఒత్తుకున్నాడు.

జలపతి మాత్రం నవ్వలేదు. రజనినే చూస్తున్నాడు.

"బిడ్డా, అమ్మది అటు మహారాష్ట్రల ధర్మాబాద్ దిక్కు సంబంధమని నాయిన చెప్తుండె గని, అమ్మ నోట మరాఠీ నేను పుట్టి బుద్ధెరిగి వినలే. మా నాయినమ్మ మాట్లాడనియ్యకుండెనట. పక్షవాతం తెలుగును ఎత్తుకపోయి గదే మిగిల్చినట్టున్నది, నేనే గుర్తువట్టలే." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మరి సిరిసిల్ల పిల్లవు, నీకెట్లొచ్చె?"

పోశవ్వ వెంటనే అందుకుంది. "బీవండిల పెరిగింది గద అన్నా! ఆడ అందరు గదే మాట్లాడుతరు. చిన్నప్పటి సంది అలవాటు."

చక్కగా అతికింది. జలపతి తల కూడా ఊపాడు. అంతటితో ఆ ప్రమాదం దాటిపోయేది. పోశవ్వ విస్తళ్ళు వేయమని కొడుక్కి సైగ చేసింది కూడా.

కానీ ముత్తవ్వ కుడిచెయ్యి రజని గడ్డం పట్టుకుంది.

"మాహేర్ కుఠ్‌చ, పోరీ?"

నీ పుట్టిల్లెక్కడ, పిల్లా?

ఈ ఏడేళ్ళలో రజని చెప్పిన అబద్ధాలకు లెక్కలేదు. మా నాయినది సిరిసిల్ల, మా మేనమామది సిరిసిల్ల, చిన్నప్పుడు మానేరులో ఈత కొట్టినం. అన్నీ తెలుగులో చెప్పింది. నేర్చుకున్న మాటలతో నేర్చుకున్న కథ, బళ్ళో పద్యం ఒప్పజెప్పినట్టు. కానీ మాహేర్ అన్న మాట వినబడగానే ఆమెకు సోలాపూర్‌లో రేకుల ఇల్లు కనిపించింది. పగలూ రాత్రీ ఆగని మగ్గాల చప్పుడు, ఆ చప్పుడులో వినబడాలని గట్టిగా మాట్లాడే అమ్మ, నూలు దుమ్ము పట్టిన కనుబొమలతో పని నుంచి వచ్చే నాన్న. ఆ భాషలో ఆమెకు అబద్ధం చేతకాదు. చిన్నప్పుడు ఆడినవన్నీ అమ్మ పట్టేసింది.

"సోలాపూర్, ఆజీ," అంది. "సోలాపూర్. మీ ఉజ్వలా." నేను ఉజ్వలను.

ఈ మాటలకు అర్థం చెప్పేవాళ్ళు ఎవరూ అక్కర్లేకపోయింది. రజని లేచి నిలబడింది. 

"నాది సిరిసిల్ల గాదు మామా. బీవండి గాదు. సోలాపూర్. మా అమ్మానాయినలు మరాఠోళ్ళు. నాకు తెలుగు ఈ ఇంట్లకొచ్చినంకనే అచ్చింది. నా పేరు ఉజ్వల."

పోశవ్వ కూలబడినట్టు గడప మీద కూర్చుంది. ప్రేమ్‌సాగర్ పట్టుకున్న విస్తరాకుల కట్ట చేతిలోనే ఉంది.

జలపతి సమ్మయ్య వైపు తిరిగాడు. "ఏడేండ్ల అబద్ధమా బావా? పిల్లనిచ్చెటోళ్ళు గిట్ల దాచొచ్చునా?"

సమ్మయ్య లేచాడు. మగవాళ్ళ పంచాయితీల్లోనైనా, ఇంట్లోనైనా, ఆయన గొంతు పైకి లేవగా విన్నవాళ్ళు తక్కువ.

"అబద్ధం మాది. పిల్లది గాదు. నలుగురు ఏమంటరోనని మేం చెప్పుమన్నం, అది చెప్పింది. ఇయ్యాల మా బిడ్డ పెండ్లి ఆగుతదని అదే బయటవెట్టింది. దాయాలంటె గోడకే నిలవడకపోవునా? తప్పైతె నాకు చెప్పు."

జలపతి భార్య ఏదో అడగబోయి నోరు తెరిచింది. ఆ ప్రశ్న కులం గురించేనని అక్కడున్న అందరికీ తెలుసు. ఆ మాట బయటపడే లోపలే ముత్తవ్వ ఉజ్వల చెయ్యి పట్టి లాగి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఏడాది నుంచి ఎవరూ వినని మాటలన్నీ ఒక్కసారి చెప్పాలన్నట్టు గలగలా మొదలుపెట్టింది. సగం మాటలు మూతి దగ్గరే నలిగిపోతున్నా, ఉజ్వల తలూపుతూ, మధ్యలో ఆపి అడుగుతూ, చివరికి పగలబడి నవ్వింది.

"ఏమంటున్నదే బిడ్డా?" జలపతి కోపం మరిచిపోయి ముందుకు వంగాడు. "జర చెప్పు. ఏడాది సంది ఏడుస్తది, ఏం గావాల్నో మాకు తెలుస్తలేదు."

"జావ వద్దంటున్నది."

"ఆఁ?"

"పొద్దుమాపు జావ తాగిపిస్తున్నరట. నేనేమన్న పాలుదాగే పొల్లనా అంటున్నది. జొన్నరొట్టె కావాల్నట. పచ్చిమిరపకాయ తొక్కుతోని."

జలపతి భార్య నెత్తి మీద కొట్టుకుంది. "ఓ తల్లీ! ఉమ్మేసినప్పుడల్ల చక్కెర తక్కువైందని ఇంకింత ఏసిన!"

ఈసారి నవ్వు ఎవరూ ఆపుకోలేదు. ముత్తవ్వకు ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వింది, సగం మూతితో. ఆ నవ్వు చూసి జలపతి కళ్ళు తడిశాయి.

"ఇంకోటి అడుగు బిడ్డా. అమ్మ పేరు… పుట్టింటి పేరు ఏమన్న ఉండెనా?"

ఉజ్వల అడిగింది. ముత్తవ్వ నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. తర్వాత బళ్ళో హాజరు పలికే పిల్లలా గడ్డం ఎత్తి చెప్పింది. "ముక్తా."

"ముక్తా అంటె?"

"ముత్తెం మామా."

జలపతి తల్లి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "అంటె మా నాయినమ్మ అమ్మ పేరును గూడ తెలుగులకు మర్లేసిందన్నట్టు," అన్నాడు. లేచి సమ్మయ్య దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. "బావా, మా అమ్మకు ఎవలన్న ఒక్కలు గిట్ల మాట్లాడేటోళ్ళు ఉంటె, మేమిన్నేండ్లు చెవిటోళ్ళోలె బతకకపోదుము. సంబంధం ఖాయం. పండ్లు తీసుకో."

*

అన్నాలకు కూర్చున్నారు. ఉజ్వల వడ్డించబోతే జలపతి విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు కూసుంటెనే నేను కలుపుత. గీ ఇంట్ల గరిటెలు పట్టెటోళ్ళు ఇంకెవలు లేరా?"

శైలజ ఒడిలోని బియ్యం జారకుండా కొంగు నడుముకు దోపుకుని, వదినను తన పక్కన కూర్చోబెట్టుకుంది. గరిటె పోశవ్వ అందుకుంది. ఒక్కొక్కరికే వడ్డిస్తూ వచ్చి, కోడలి విస్తరి దగ్గర ఆగింది. 

"తిను… ఉజ్వలా," అంది. కొత్త రాయి నాలుక మీద పెట్టుకున్నట్టు ఆ పేరు కష్టంగా వచ్చింది గానీ, వచ్చింది.

ఉజ్వల మొదటి ముద్ద పెట్టుకోలేదు. పక్కన శైలజ ఒడిలో కొబ్బరికాయను చూసింది. ఆ కాయ అక్కడ ఎంత హాయిగా ఒదిగి కూర్చుందో చూసింది. తన ఒడిలో పుట్టింటివాళ్ళు ఒక్క గింజ వేయలేదు. ఒడిబియ్యం పోయడానికి మూడో ఏడు రాలేదు, ఐదో ఏడు రాలేదు. అడిగినవాళ్ళకు మాత్రం బీవండిలో పోశారని అత్తగారు చెప్పింది.

"అత్తమ్మా, మామా," అంది. విస్తళ్ళ చప్పుడు తగ్గింది. "శైలజ పెండ్లి పత్రికల నా పేరు ఉజ్వల అని ఏయించున్రి. పెండ్లికి ముందుగాల నా ఒడి మా తల్లిగారు నింపాలె. ఈ ఇంట్లనే, ఈ వాడకట్టంత చూడంగ. సోమవారం బస్సుకు హన్వికను తోలుకొని సోలాపూర్ పోతున్న. మా ఆయిని, బాబాను, నా అమ్మానాయినలను ఎంటవెట్టుకొనే మల్ల ఈ గడప తొక్కుత."

ప్రేమ్‌సాగర్ ముద్ద విస్తట్లోనే వదిలేశాడు. ఏడేళ్ళుగా ఎవరితోనూ అనని మాట ఆ పూట అనాల్సి వచ్చింది.

"మీ బాబా నువ్వచ్చిన్నాడే నువ్వు సచ్చినవని దినాలు చేసిండు ఉజ్వలా. నేను నిరుడు పోయిన. తలుపు తియ్యలే."

 అతను నిరుడు సోలాపూర్ పోయిన సంగతి అమ్మ కూడా ఫోన్‌లో చెప్పలేదు, ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఆమె భర్త వైపు ఒక్క చూపు చూసింది. ఆ లెక్క తర్వాత తేల్చుకోవచ్చు.

"నువ్వు తెలుగుల పిలిచినవు, తియ్యలే," అంది, అన్నం కలుపుకుంటూ. "నేను పోయి నా మాటల పిలుస్త. ఎట్ల తియ్యడో చూస్త."